జ్ఞానప్రసూనమ్మ పుట్ట

పుట్టలోంచి నాకు మొదట వినబడింది, ఏటా నాగుల చవితికి ఇక్కడికొచ్చి మొక్కుకునే మృదుల గొంతు. ఈ ఏడన్నా వీసా లాటరీలో నా పేరు రావాలి స్వామీ, నాకింకో చాన్స్ లేదు అని గొణుగుతోంది. అక్టోబరు పొద్దు, ఒకటే పొగమంచు. నేను గుర్రాల కొట్టంలోంచి లద్దె బండి తోసుకుంటూ వస్తున్నాను. పాపం పొద్దున్నే మొక్కుకోవడానికొచ్చింది కాబోలు అనుకుని, పలకరించకుండా పక్కనుంచి దాటిపోయాను. కొట్టం మలుపు తిరిగాక గుర్తొచ్చింది. మృదులకి వీసా వచ్చేసింది. రెడ్‌మండ్‌లో ఉద్యోగం దొరికి కాపురం అక్కడికి మార్చి చాలా కాలమైంది.

వెనక్కి వచ్చి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు. బొరియ ముందు మేపుల్ ఆకులు తడిసి నేలకి అంటుకుపోయి ఉన్నాయి. వాటి మీద అడుగుపడ్డ జాడ లేదు. గొంతు మాత్రం ఇంకా వస్తోంది, నాకింకో చాన్స్ లేదు, నాకింకో చాన్స్ లేదు అని.

ఆ పుట్ట సంగతి చెప్పాలి. అసలది పుట్టే కాదు. వర్జీనియా చెదపురుగులు ఇళ్ళు తింటాయి గానీ పుట్టలు పెట్టవు. షాంటిలీ దాటి పడమరగా పోతే వచ్చే ఈ ఫారం డాక్టర్ పద్మనాభం గారిది. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కాలం చేసిన ఆయన భార్య జ్ఞానప్రసూన గారు, ఫారం కొన్న కొత్తలో, నాగుల చవితికి పుట్ట కావాల్సిందేనని పట్టుబట్టారట. కొట్టం వెనక గట్టులో ఎర్రమట్టి దిబ్బ, దానికో బొరియ కనబడ్డాయి. అది పందికొక్కులాంటి గ్రౌండ్‌హాగ్ తవ్వుకున్న కన్నమే అని డాక్టర్ గారు ఎంత నవ్వినా ఆవిడ వినలేదు. పసుపు చల్లి, పాలు పోసి, చిమ్మిలి పెట్టి, కోడిగుడ్డొకటి లోపలికి జారవిడిచారు. మరుసటి ఏడు హెర్న్‌డన్ నుంచి రెండు మూడు కుటుంబాలు వచ్చాయి. ఆ తర్వాత్తర్వాత చవితి రోజున ఇక్కడ కార్లు రోడ్డు దాకా ఆగేవి. గుడ్లు అట్టలకి అట్టలు తెచ్చేవాళ్ళు. మర్నాటికి పెంకు ముక్క కూడా మిగిలేది కాదు. స్వామి ఆరగించాడని సంబరపడేవాళ్ళు. బొరియ ఏటికేడు వెడల్పవుతుంటే మహిమ అన్నారు. లోపల ఏం పెరుగుతోందని ఎవరూ అడగలేదు.

నా సంగతీ చెప్పాలి. పేరు ఆంజనేయప్రసాద్. చదువు ఎనిమిదితో ఆగింది. హైదరాబాద్‌లో సినిమాలకి గుర్రపు ఫైటర్ని. గుర్రమెక్కే షాట్ హీరోది, గుర్రం మీంచి పడే షాట్ నాది. ఒక సర్కస్ వాళ్ళ వీసా మీద గుర్రాలతోపాటు ఈ దేశం వచ్చి, ఒక సిమెంటు కోటలో చేరాను. జనం కోడికాళ్ళు చేత్తో పీక్కుతింటూ కేకలు వేస్తుంటే మేం ఇనప తొడుగులేసుకుని, ఈటెలు పట్టుకుని పోట్లాడే చోటది. నైట్ ఉద్యోగం, రాత్రి డ్యూటీ కాదు, పాత ఇంగ్లీషు రాజుల గుర్రపు సైనికుడి వేషం. తెలుగులో ఏమంటారో నాకు తెలీదు, వీరుడు అనడానికి నోరు రాదు. ఆట మొదట్లో మోకరిల్లి, బలహీనుల్ని కాపాడతామని అందరం ప్రమాణం చేసేవాళ్ళం. నేను తూర్పు దేశపు నల్ల నైట్‌ని కాబట్టి ప్రతి ఆటలోనూ ఓడిపోవాలి. చివర్లో థర్మోకోల్ డ్రాగన్ పొగ వదులుతూ వస్తుంది. దాన్ని చంపేది తెల్ల నైట్. అంతకుముందే దాని నోట్లో పడి చచ్చేది నేను. ఒకసారి గుర్రం నిజంగానే నా మోకాలి మీద పడింది. బలహీనుల్ని కాపాడే కోట నన్ను ఆ నెలాఖరునే పంపించేసింది. సొట్టలు పడ్డ ఇనప తొడుగు ఎవరికీ పనికిరాదని నాకే వదిలేశారు.

పద్మనాభం గారు గుర్రాలు చూసుకోమని కొట్టం మీద గదిచ్చారు. శనాదివారాలు ఇక్కడ పిల్లల పుట్టినరోజులు జరుగుతాయి. అప్పుడు ఆ తొడుగు వేసుకుని పొట్టి గుర్రాల మీద పిల్లల్ని తిప్పుతాను. నైట్ అంకుల్ అంటారు.

ఆ పొద్దున గొంతు విన్నాక గదిలోకి పోయి ఆ తొడుగే వేసుకున్నాను. ధైర్యం కోసం కాదు, భయమేసి. ఈటె ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో పట్టుకుని బొరియ ముందు వంగాను. లోపల్నుంచి అన్నం వార్చినప్పటి ఆవిరిలాంటి వేడి మొహానికి కొట్టింది. దానికి కుళ్ళిన గుడ్ల వాసన. వెలుగులో ముందు కనబడింది ముక్కు, జీను అంత వెడల్పుంది. ఏళ్ళ తరబడి చల్లిన పసుపూ కుంకుమా పొలుసుల సందుల్లో గట్టిపడిపోయి ఉన్నాయి. దాని వెనక మడిచి పెట్టుకున్న ముంజేయి, గోళ్ళు. మావాళ్ళు ఇన్నేళ్ళూ పాముకి మొక్కారు. నేను రోజూ డ్రాగన్ బొమ్మ నోట్లో పడి చచ్చినవాణ్ణి, కాళ్ళు చూడగానే పోల్చుకున్నాను.

ఏం కావాలి స్వామీ అన్నది అది, ఒక ముసలాయన గొంతుతో. మళ్ళీ చిన్నపిల్ల గొంతుతో, ఏం కావాలి స్వామీ అన్నది. స్వామీ అంటే ఎదుటివాళ్ళని పలకరించే మాట అనుకుంది పాపం. దాని దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటతోనే మొదలుపెట్టారు మరి.

"నాకేం వద్దు" అన్నాను. "ఎవరున్నారో చూద్దామని వచ్చాను."

తర్వాత రాళ్ళ మీద బకెట్ ఈడ్చినట్టు ఒక గొంతు వచ్చింది. అది ఎవరిదీ కాదు.

"ఏమీ వద్దా?"

అలా మొదలైంది. రోజూ పొద్దున లద్దె ఎత్తాక బొరియ పక్కన కూర్చునేవాణ్ణి. కొట్టంలో కోళ్ళు పెట్టిన గుడ్లు తీసుకెళ్ళేవాణ్ణి. పాలంటే దానికి అసహ్యమట, ఇన్నేళ్ళూ నేలలోకి వదిలేసిందట. దాన్ని నాగన్న అన్నాను, అది నన్ను ఆంజీ అన్నది. దానికి వచ్చిన తెలుగంతా అడుక్కునే తెలుగే. చల్లగా చూడు, గట్టెక్కించు, కాపాడు తండ్రీ. వాటిలోంచే మాటలు పీక్కుని కబుర్లు చెప్పేది. నా పాత సంగతులు అడిగేది. పడితే డబ్బులెందుకిస్తారో దానికి ఎంతకీ అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం అర్థమైందా ఏమన్నా?

పొలాల అవతల కిటికీలు లేని పెద్ద పెద్ద డేటా సెంటర్లు లేచాయి. పగలూ రాత్రీ తేనెతుట్టెలా రొద. అవేంటని అడిగింది. అందరి మాటలూ, ఫోటోలూ అందులో దాస్తారని చెప్పాను. అయితే వాటికీ నిద్ర పట్టదేమో అన్నది.

దానికి నిద్ర లేకపోవడానికి కారణం గొంతులే. చెప్పుకున్న ప్రతి మొరా, చెప్పుకున్న గొంతుతో సహా దానిలో ఉండిపోయింది. అవి వాటంతటవే పైకొస్తాయి. ఒక్కో గొంతులోకి వెళితే మళ్ళీ తనలోకి రావడానికి దారి వెతుక్కోవాలట. మృదులది చిన్న గొంతు, ఏడాదికోసారి వచ్చి రెండు ముక్కలు చెప్పి పోయేది, అందులోంచి తొందరగానే బయటపడ్డానన్నది. పెద్ద గొంతు జ్ఞానప్రసూన గారిది. ఆవిడ చవితికే కాదు, వారం వారం వచ్చేవారట. కుర్చీ వేసుకుని గంటల తరబడి మాట్లాడేవారట. ఆ గొంతు పైకి రాబోతే నాగన్న నాలుక కరుచుకుని ఆపుకునేది. అమ్మలోకి పోతే తిరిగిరాలేనన్నది.

నాగన్న మంచిదని చెప్పను. కొలతలు తీసేవాళ్ళు ఫారంలోకి వచ్చిన రోజున వాళ్ళ కుక్క బొరియలోకి దూరి మళ్ళీ రాలేదు. వాళ్ళు తీగకి కెమెరా కట్టి లోపలికి వదిలితే కొస కరిగిపోయి వచ్చింది. నేను గట్టిగానే అడిగాను. పలకరించకుండా వచ్చింది అన్నది. నువ్వు కూడా ముందు మాట్లాడి, తర్వాతే దగ్గరికి రా, ఆకలి మీద నాకు మనిషి తెలీదు అన్నది. ఆ రోజు గుడ్లు అక్కడ పెట్టి దూరంగా నిలబడ్డాను. మర్నాడు మళ్ళీ పక్కనే కూర్చున్నాను. నాకు ఈ దేశంలో పొద్దున్నే లేవగానే మాట్లాడాలనిపించిన ప్రాణి అదొక్కటే.

కొలతల వాళ్ళు రావడానికి కారణం, డాక్టర్ గారు ఫారం అమ్మేస్తున్నారు. ఇంకో డేటా సెంటరు కట్టేవాళ్ళకి. చవితి ముందు రోజు మధ్యాహ్నం నన్ను ఇంట్లోకి పిలిచారు. వంటింటి బల్ల మీద గుడ్ల అట్ట, సిరంజి, గుర్రాల్ని శాశ్వతంగా నిద్రపుచ్చే మందు సీసా, వెలుగుతున్న కొవ్వొత్తి ఉన్నాయి. గుడ్డు తీసి, సూది గుచ్చి, మందెక్కించి, కన్నం మీద మైనం చుక్క వేసి పక్కన పెడుతున్నారు. చెయ్యి వణకడం లేదు.

"ఏమయ్యా, దానితో ముచ్చట్లాడుతున్నావట" అన్నారు తలెత్తకుండా.

ఆయనకి ఎప్పట్నించో తెలుసట. కిటికీలోంచి నన్ను చూశారు. పై వారం యంత్రాలొస్తాయనీ, లోపల ఇలాంటిదుందని తెలిస్తే ప్రభుత్వం వాళ్ళు దిగి అమ్మకం ఆపేస్తారనీ, ఆలోపే ఇది పూర్తికావాలనీ చెప్పారు. చవితి నాడు గుడ్లేస్తే ఎవరికీ అనుమానం రాదు. ఈ ఏడు దారి మూసేశామని జనానికి కబురు కూడా పెట్టేశారు.

"అమ్మకండి సార్" అన్నాను.

"ఈ ఇంట్లో ఉండలేనయ్యా. ఏ గదిలోకి పోయినా ఆవిడ ఇప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్ళినట్టుంటుంది. నేను వెనకాలే పోతాను. ఎంతకాలమని పోను?" సిరంజి పక్కన పెట్టి అప్పుడు నావైపు చూశారు. "నైట్‌వి కదా, డ్రాగన్‌ని చంపడం నీ ఉద్యోగమేగా. అన్నేళ్ళు చంపావు."

"చంపింది తెల్ల నైట్ సార్. నేను చచ్చేవాణ్ణి."

ఆయనకి నవ్వొచ్చింది. సరే, నేనే వేస్తాను, నువ్వు బుట్ట పట్టుకో చాలు అని మళ్ళీ సూది అందుకున్నారు.

అక్కణ్ణించి తిన్నగా గట్టు మీదికి పోయాను. పారిపొమ్మన్నాను. నాగన్న మెడ కదిలించి చూపించింది. మట్టి రాలింది గానీ భుజాలు రాలేదు. బొరియ ఎంత వెడల్పయినా అది అంతకంటే ఎక్కువ పెరిగింది. మావాళ్ళు పెట్టిన గుడ్లే దాన్ని లోపల బిగించేశాయి. పోనీ రేపు గుడ్లు ముట్టకన్నాను. ముట్టకపోతే పై వారం యంత్రం వస్తుంది కదా అన్నది. దాని గొంతులో భయం లేదు. నాకే ఉంది.

నాకు తోచిన దారి ఒక్కటే. ఇది బతకాలంటే డాక్టర్ గారు ఈ చోటు వదలకూడదు. ఆయన వదలకుండా ఉండాలంటే, ఆయన గది గదికీ వెతుక్కుంటున్నది ఇక్కడ దొరకాలి. రేపు ఆయన వచ్చినప్పుడు అమ్మ గొంతుతో మాట్లాడు అన్నాను. ఒక్కసారి మాట్లాడితే చాలన్నాను.

అది నన్నే చూసింది. కన్ను దీపం పొగ పట్టిన గాజు గ్లాసులా ఉంది.

"నువ్వు అడుగుతున్నావా ఆంజీ?"

"అడుగుతున్నాను."

"నువ్వు కూడా" అన్నది.

చవితి పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. డాక్టర్ గారు కోటు తొడుక్కుని, ఒకప్పుడు ఆవిడ పట్టుకెళ్ళే పూజ బుట్టలోనే గుడ్లు పెట్టుకొచ్చారు. బుట్ట నా చేతికిచ్చి, ఒక గుడ్డు తీసి వంగారు. లోపల్నుంచి ఏమీ వినబడలేదు. అడగకుండా ఉండాల్సిందేమో, అది మానేసిందేమో అనుకున్నాను. మానేస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"ఆయన్ని నాకంటే ముందు తీసుకుపో స్వామీ."

జ్ఞానప్రసూన గారి గొంతే. పళ్ళు కట్టించుకున్నాక వచ్చిన ఆ చిన్న ఈలతో సహా. డాక్టర్ గారు వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు.

"అందరూ ముత్తైదువగా పోవాలని అడుగుతారు. నాకొద్దు. ఆయన కాఫీ, ఆయన టీవీ, ఆయన మాత్రలు, ఆయన కోపం. ఆయన ముందు పోతే ఒక్క ఏడాది నాకోసం బతికి నేనూ వచ్చేస్తాను. అంతే అడుగుతున్నాను. తప్పయితే క్షమించు."

పుట్ట దగ్గర ఏ ఆడమనిషీ అడగని కోరిక అది. అడిగిందని పైకి చెప్పుకునే కోరిక కాదు. నా చేతిలో బుట్ట బరువెక్కింది. ఆయనకి కోపమొస్తుంది, గుడ్లన్నీ ఒక్కసారే కుమ్మరిస్తారనుకున్నాను. ఆయన గుడ్డు మెల్లిగా గడ్డి మీద పెట్టి, మంచులోనే చతికిలబడ్డారు.

"అంత విసుగొచ్చిందా ప్రసూనా, నేనంటే?"

అంతవరకూ వచ్చినవి పాత మాటలు. ఎన్నడో చెప్పుకున్నవి, దానిలో దాగి ఉన్నవి. ఆ ప్రశ్నకి జవాబు దాని దగ్గర ఉండటానికి వీల్లేదు. నాగన్న ఆగిపోతుందనుకున్నాను.

"పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నారా?" అన్నది ఆవిడ గొంతు.

"లేదు. మర్చిపోయాను."

"మర్చిపోతారు. నాకు తెలుసు."

నేను బుట్టతో ఒక అడుగు వెనక్కి వేశాను. డాక్టర్ గారు మాత్రం చిన్నపిల్లాడిలా తల వంచుకున్నారు. కాసేపటికి లేచి, బుట్ట దూరంగా తీసుకుపోయి లోతుగా పాతిపెట్టు, ఏ జంతువూ తవ్వకుండా చూడు అని నాతో చెప్పారు. మధ్యాహ్నానికల్లా అమ్మకం రద్దు చేసుకున్నారు. యంత్రాలు రాలేదు. నాగన్న బతికింది.

బతికింది అనే అనుకోవాలి. మర్నాటి నుంచి డాక్టర్ గారు మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు తెచ్చుకుని అక్కడే కూర్చుంటున్నారు. పొద్దంతా మాటలే. ఎప్పటివో పెళ్ళిళ్ళు, ఎవరో చుట్టాలు, తగువులు. ఆయన నవ్వడం కొట్టంలోకి వినిపిస్తుంది. మొహం తేటపడింది, మాత్రలు వేళకి వేసుకుంటున్నారు. ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేను బొరియ దగ్గరికి పోయాను. ముందుగా మాట్లాడాను, నేర్పినట్టే. నాగన్నా, నేను ఆంజీని, ఇంక చాలు, వచ్చేయ్ అన్నాను.

"నాగన్న ఎవరు ప్రసాద్?" అన్నది జ్ఞానప్రసూన గారి గొంతు.

రోజూ ప్రయత్నించాను. నేను పడ్డ పాత పాట్లు మళ్ళీ చెప్పాను. గుర్రం పేర్లు చెప్పాను, తెల్ల నైట్‌ని తిట్టాను. రాళ్ళ మీద బకెట్ ఈడ్చిన చప్పుడు కోసం చెవి పెట్టి కూర్చున్నాను. ప్రసాద్, కొట్టం చూరు కారుతోంది బాగుచేయించు అంటుంది. ప్రసాద్, గడ్డి తడిసిపోతోంది అంటుంది. పైగా అవన్నీ నిజం. చూరు కారుతోంది. గడ్డి తడిసింది. కన్ను నావైపు తిరుగుతుంది గానీ, తెలిసినవాణ్ణి చూసే చూపు కాదు.

డిసెంబరు వచ్చింది. చలి ముదిరింది. డాక్టర్ గారి కుర్చీ ఇదివరకు వేసుకునే చోట లేదని ఒకరోజు గమనించాను. కుర్చీ కాళ్ళు నేలలో దిగిన గుంటలు వరసగా బొరియ వైపు పోతున్నాయి. ఏ రోజుకారోజు కాస్త ముందుకి. బొరియ నోరు కూడా పెద్దదయింది, కింద తాజా మట్టి రాలి ఉంది. మాటేసి విన్నాను.

"అక్కడ చలిగా ఉంటుందండీ. లోపల వెచ్చగా ఉంది. ఇంకొంచెం ఇటు జరగండి" అంటోంది, ఎంతో ప్రేమగా.

ఆయన జరిగారు.

సార్, అది అమ్మ కాదు అని చెప్పాను. నువ్వు ముచ్చట్లాడినన్నాళ్ళూ నేను కిటికీలోంచి చూసి ఊరుకున్నాను, ఇప్పుడు నా వంతు, ఊరుకో అన్నారు. ఆవిడేం అడిగిందో మీరూ విన్నారు కదా అన్నాను. విన్నాను అన్నారు. ఆవిడ అడిగినదేదీ నేను ఇవ్వలేదయ్యా అన్నారు.

మందు సీసా వంటింట్లో ఇంకా ఉంది. కోళ్ళు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. రెండుసార్లు సిరంజి దాకా పోయి వచ్చాను. ఆ గొంతు వెనక ఎక్కడో నాగన్న దారి వెతుక్కుంటూ ఉంటే, నేను ఎవణ్ణి చంపినట్టు?

అందుకని ఇప్పుడు పొద్దున్నే ఆయన కంటే ముందు నేను పోయి, బొరియకి అడ్డంగా నా కుర్చీ వేసుకుంటున్నాను. ఆయన వచ్చి నా ముందు కూర్చుంటారు. పని లేదా అని విసుక్కుంటారు, లేదంటాను. నా వీపు వెనక ఆ ఊపిరి వచ్చి పోతుంటుంది, చొక్కా ఆవిరికి తడిసిపోతుంది. ఒక్కోసారి అది మెడ మీద ఆగుతుంది. వెనక్కి చూడను.

"తప్పుకో ప్రసాద్. ఆయన చలిలో కూర్చున్నారు" అంటుంది.

డాక్టర్ గారు నా భుజం మీదుగా మెడ చాచి లోపలికి చూస్తారు. నేను కుర్చీ ఇంకాస్త వెనక్కి, బొరియలోకే జరుపుకుంటాను.